శతాధిపతి బెల్టు

2023 ఫిబ్రవరి. సూర్యాపేటలో జనగామ రోడ్డు పక్కన మా రేకుల షెడ్డు. అప్పటికే చాలా ఏళ్లుగా అందులో నేనూ మా ఆయన సత్తయ్యా ఒకే రకం పని చేస్తున్నాం. రెండు వేల ఏళ్ల కిందట రోమా సైనికులు నడుముకు కట్టుకున్న బెల్టులకు ఇత్తడి సామాను తయారుచేస్తాం. ఈ మాట చెప్పగానే ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు. ఆ తర్వాత వచ్చే ప్రశ్న కూడా ఒకటే: "ఇవన్నీ ఎవరు కొంటరమ్మా?"

కొనేవాళ్లున్నారు. పడమటి దేశాల్లో రీఎనాక్ట్‌మెంట్ అని ఒక వ్యాపకం ఉంది. వారమంతా బ్యాంకుల్లోనో బడుల్లోనో పనిచేసేవాళ్లు సెలవు రోజున పాతకాలపు సైనికుల్లా తయారవుతారు. గుడారాలు వేసుకుంటారు, అప్పటి తిండే వండుకుంటారు, అప్పటి చెప్పులతోనే మైళ్లకు మైళ్లు నడుస్తారు. వేషమే కదా అని ఊరుకోరు. కుట్టు దగ్గర నుంచి మేకు దాకా తవ్వకాల్లో దొరికిన వస్తువుతో సరిపోవాలంటారు. సరిపోకపోతే పార్సిల్ తిరిగి వస్తుంది. నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చదివి, హైదరాబాదులో ఎగుమతి సామాను చేసే ఒక కార్ఖానాలో ఈ విద్య నేర్చుకున్నాను. పోత పోయడం సత్తయ్య పని. ఆకురాయి పట్టి నునుపు తీయడం, రివెట్ కొట్టడం, కళాయి పెట్టడం నా పని. మా దగ్గర నుంచి పార్సిల్ తిరిగి రావడం మానేసి చాలా కాలమైంది. ఇది గొప్పకు చెప్పడం లేదు, ఉన్న మాటే చెబుతున్నాను.

బెల్టు అంటే ఏమేం ఉంటాయో ముందు చెప్పాలి. తోలు పట్టీ మీద వరసగా పల్చటి ఇత్తడి ప్లేట్లు ఉంటాయి. ప్రతి ప్లేటుకూ నాలుగు మూలలా రివెట్లు. రివెట్ అంటే తోలు గుండా దూరి వెనకాల చిన్న బిళ్ల మీద అణిగిపోయే మేకు. ప్లేట్ల మీద తగరం పూత ఉంటుంది. మన ఇళ్లలో ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టించినట్టే. అందుకే అసలైన రోమా బెల్టు పసుపుగా మెరవదు, వెండిలా తెల్లగా ఉంటుంది. ముందు భాగంలో బకిల్. డి అక్షరం ఆకారంలో ఒక కడియం, దాని మీద ఆనే నాలుక, రెండింటినీ కలిపి పట్టుకునే పిన్. ఈ కథంతా ఆ మూడు ముక్కల గురించే.

ఒకరోజు ఉదయం కొలిమి ఇంకా అంటించక ముందే ఒకాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. నిటారుగా నిలబడ్డాడు. చేతిలో పాత పేపర్లో చుట్టిన పొడవాటి పొట్లం ఉంది.

"రోమా సైనికుల బెల్టులు చేసేది మీరేనా అమ్మా? నేను కోదాడ నుంచి వచ్చాను. ప్రభాకర్ అంటారు. మిలిటరీలో హవల్దారుగా చేసి రిటైరయ్యాను."

పొట్లం విప్పాడు. అట్ట బెల్టు. దాని మీద బంగారు రంగు కాగితం అంటించి ఉంది. మధ్యలో తెగితే టేపు వేశారు.

మిర్యాలగూడలో ఆయన అత్తగారి వైపు వాళ్ల చర్చి ఉంది. ప్రతి ఏడూ గుడ్ ఫ్రైడే రోజు వాళ్లు ఏసుక్రీస్తు శిలువ నాటకం వేస్తారు. ఒక రైస్ మిల్లు కల్లంలో, అంటే ఉడికిన వడ్లు ఆరబోసే పెద్ద గచ్చు మీద ఆడతారు. దాన్ని రాసి నడిపేది ఆయన భార్య అక్క, సునంద టీచర్. ఆయనది శతాధిపతి వేషం. వంద మంది రోమా సైనికుల మీద అధికారి అన్నమాట. శిలువ వేయించేది ఆ అధికారే. చివరికి శిలువ కింద నిలబడి, చనిపోయినాయన మామూలు మనిషి కాదు, దేవుని కొడుకేనని ఒప్పుకునేదీ ఆయనే.

"పోయినేడు ఆ మాట అనే ముందు ఈ బెల్టు తెగి కింద పడిందమ్మా. జనం నవ్వారు. ఎక్కడైనా నవ్వొచ్చు గానీ, శిలువ కాడ నవ్వు రాగూడదు."

"నేను నాటకాల సామాను చెయ్యను సార్," అన్నాను. "బంగారు రంగు గావాలంటే హైదరాబాద్ల దొరుకుతయి. నేను చేస్తే అప్పటి బెల్టు ఎట్లున్నదో అట్లనే చేస్త. అది తెల్లగ ఉంటది. బరువుంటది."

"అదే కావాలి నాకు."

పార్సిల్‌కు సిద్ధంగా ఉన్న బెల్టు ఒకటి చేతికిచ్చాను. అందరూ ముందు ప్లేట్ల నగిషీ చూస్తారు. ఆయన మాత్రం బెల్టు తిరగేసి, రివెట్ల వెనక బిళ్లల మీద వేలితో రాసి చూశాడు. ఎక్కడా గుచ్చుకోలేదు. ఆ తర్వాతే ముందువైపు చూశాడు. ఈయన బెల్టు కట్టినవాడేనని అప్పుడే తెలిసింది నాకు. పని ఒప్పుకున్నాను.

నడుము కొలత తీసుకుంటుంటే చాలా అడిగాడు. ప్లేట్లు ఎందుకు పల్చగా ఉన్నాయి, ముందు వేలాడే ఇత్తడి బిళ్లల పట్టీలు ఎందుకు, సైనికుడు డ్యూటీ లేనప్పుడు కూడా ఇది కట్టుకునేవాడా అని. మాకు ఎప్పుడూ ఆర్డర్లిచ్చే హెలెన్ అనే ఆవిడ ఉంది. ఇంగ్లండ్‌లో ఒక బృందానికి సామానంతా ఆమే చూస్తుంది. ఆమె ఒకసారి చెప్పిన సంగతి నాకు గుర్తుకొచ్చింది.

"ఎప్పుడూ కట్టుకునేటోళ్లంట సార్. కవచం తీసినా, కత్తి తీసినా బెల్టు మాత్రం ఉంటదంట. బజార్ల బెల్టు కనబడితే చాలు, సిపాయి అని తెలిసిపోయేదంట. ఏదన్న తప్పు జేస్తే ఆ బెల్టు తీయించి అందరి ముందు నిలబెట్టేటోళ్లంట. దెబ్బల కన్నా అదే పెద్ద శిక్షంట."

కొలత టేపు ఇంకా ఆయన నడుము చుట్టూనే ఉంది. ఆయన ఊపిరి ఆగినట్టు నాకు టేపులో తెలిసింది. మంచినీళ్లు అడిగాడు. తాగి, "మళ్లీ ఫోన్ చేస్తానమ్మా" అని వెళ్లిపోయాడు. తెచ్చిన అట్ట బెల్టు కూడా బల్ల మీదే మర్చిపోయాడు.

కొన్నాళ్లకు ఫోన్ వచ్చింది. "వద్దులే అమ్మా. బెల్టు చెయ్యొద్దు. ఏమనుకోకండి." అంతే, పెట్టేశాడు. అప్పటికే సత్తయ్య ఆయన కోసం బకిల్ పోత పోసి ఉన్నాడు. "ఏమన్నవే ఆయనను?" అని నన్ను అడిగాడు. నేనేమన్నానో నాకే అర్థం కాలేదు.

ఆ వారంలోనే సునంద టీచర్ మిర్యాలగూడ నుంచి నేరుగా మా షెడ్డుకు వచ్చింది. సన్నగా ఉంటుంది, కళ్లద్దాలు, బడిలో పిల్లల్ని కూర్చోబెట్టిన గొంతు.

"అమ్మా, మా మరిదిగారు ఈసారి వేషమే వెయ్యనంటున్నడు. ఎందుకంటే చెప్పడు. మీ దగ్గరికి వచ్చి పోయినంక గిట్లయిండు. మీరేమన్నరు?"

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడకు కూడా ఏమీ తట్టలేదు. "పదేండ్ల సంది ఆయనే వేస్తున్నడు. ఆయన లేకపోతే నాటకమే లేదు. వేరేటోళ్లు ఆ మాట అంటే పాఠం అప్పజెప్పినట్టు ఉంటది" అంది.  

ఎలాగూ తోలు తీసుకోవడానికి కోదాడ పోవాలి. జీనులు కుట్టే ఒక కుటుంబం నుంచి మాకు తోలు వస్తుంది. ఆ పని చూసుకుని, అడుగుతూ అడుగుతూ బస్టాండు వెనక సందులో ప్రభాకర్ గారి ఇల్లు పట్టుకున్నాను. పోత పోసిన బకిల్ సంచిలో వేసుకునే వెళ్లాను. ఆయన వరండాలో పొలానికి మందు కొట్టే పంపు విప్పి ముందేసుకుని కూర్చున్నాడు. భార్య చర్చి పనిమీద వెళ్లిందన్నాడు.

"నేను మిమ్మల్ని నొప్పించిన్నా సార్?" అని నేరుగానే అడిగాను. తిప్పి తిప్పి అడగడం నాకు చేతకాదు.

ఆయన పంపు వాషరు గుడ్డతో తుడిచాడు. తర్వాత అన్నాడు: "మీరు తప్పేం మాట్లాడలేదమ్మా. కొత్తగా చేరిన రోజుల్లో సెలవు మీద ఇంటికొచ్చాను. వచ్చిన రెండో రోజే మా నాన్న పోయాడు. మా అమ్మ చెయ్యి వదల్లేదు. సెలవు పెంచమని యూనిట్‌కు టెలిగ్రాం కొట్టి ఉండాల్సింది, కొట్టలేదు. ఆలస్యంగా వెళ్లాను. పేషీ పెట్టారు."

"పేషీ అంటే?"

"ఆఫీసరు ముందు నిలబెట్టి విచారిస్తారు. లోపలికి పంపే ముందు టోపీ, బెల్టు తీయిస్తారు. తప్పు చేసినవాడు బెల్టుతో లోపలికి పోగూడదు. నాది తీసి వరండాలో బల్ల మీద పెట్టారు. మా వాళ్లంతా చూస్తున్నారు. ఆఫీసరు మంచాయన. సంగతి విని మందలించి వదిలేశాడు. బయటికొచ్చి మళ్లీ కట్టుకున్నాను. తర్వాత ఇన్నేళ్లు సర్వీసు చేశాను, మెడల్స్ కూడా వచ్చాయి. కానీ బెల్టు లేకుండా ఆ గుమ్మం దాటానే, అప్పుడు నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. అది ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. మా ఇంటావిడక్కూడా."

"మరి వేషం ఎందుకు వద్దంటున్నరు?"

"అట్ట బెల్టు కట్టుకున్నన్నాళ్లు అది నాటకం. మీ బెల్టు చేతిలో పట్టుకుంటే బరువు తెలిసింది. రెండు వేల ఏళ్ల కిందట కూడా తప్పు చేసినోడికి అదే శిక్ష అని మీరు చెప్పారు. అప్పుడు నాకు స్టేజీ కనబడలేదు, ఆ వరండా కనబడింది. అది కట్టుకుని శిలువ కింద నిలబడి ఆ మాట అనలేను."

నాకు బైబిలు పెద్దగా తెలియదు. మా ఇంట్లో కొలిచే దేవుళ్లు వేరు. తెలియని సంగతిలో ఓదార్పు మాటలు చెప్పబోతే అబద్ధంగా ఉంటుంది. అందుకని తెలిసిన సంగతే అడిగాను.

"ఆ శతాధిపతి చివరికి ఏం చేస్తడు సార్? ఆ మాట అన్నంక?"

"ఏం చేస్తాడు? డ్యూటీ దిగి పోతాడు. నాటకంలో అక్కడితో లైటు తీసేస్తారు."

"బెల్టుతోటే పోతడా?"

ఆయన వాషరు పక్కన పెట్టాడు. నేను బకిల్ తీసి ఆయన ముందు పెట్టాను. ఇంకా నునుపు తీయని పోత. అంచుల్లో ఇసుక గరుకు అలాగే ఉంది. దాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అమ్మా, ఇంకొకరు తీయిస్తే అది శిక్ష. తనంతట తాను తీసి కింద పెడితే దాన్నేమంటారు?"

"నాకు తెల్వదు సార్. కానీ మీరు తీసి పెడతనంటే, ఊడేటట్టు చేసిచ్చే పూచీ నాది."

ఆయన మొదటిసారి నవ్వాడు. "ఎడమ చేతిలో ఈటె ఉంటుంది. అది కింద పెట్టకూడదు. కుడి చెయ్యి ఒక్కటే."

ఆ పూచీ ఎంత బరువైనదో తిరుగు బస్సులో గానీ తెలియలేదు. బిగువుగా కట్టిన బెల్టును ఒక్క చేత్తో విప్పడం సులువు కాదు. మీరే ప్రయత్నించి చూడండి. ఒక చెయ్యి తోలు కొసను లాగితే రెండోది నాలుకను తప్పించాలి. దానికి తోడు ఇది జనం ముందు జరగాలి. పెనుగులాడితే మళ్లీ నవ్వుతారు.

సత్తయ్య తేలిక దారి చెప్పాడు. "వెనకాల టిచ్ బటన్ పెట్టు. బకిల్ ఉత్తగ ముంగట అంటించు. ఎవరు సూస్తరు?"

"ఆయనే సూస్తడు. తిరగేసి సూసే మనిషి ఆయన. టిచ్ బటన్ ఊడదీసి ఏం ఒదులుకున్నట్టు?"

పని అసలుదే కావాలి, ఊడటం కూడా అసలుగానే ఊడాలి. హెలెన్ ఎప్పుడో పంపిన తవ్వకాల ఫొటోలు మళ్లీ తీసి చూశాను. నాటకం ఏ కాలం నాటిదో ఆమెకు రాస్తే, ముందు పట్టీలు పొట్టిగా, కొద్దిగానే పెట్టమంది. ఆ రోజులకు అదే సరి. బకిల్ సంగతి మాత్రం ఫొటోల్లోనే దొరికింది. పాత బకిళ్లలో పిన్ను దూరే రంధ్రాలు గుండ్రంగా లేవు, అరిగి కోలగా సాగి ఉన్నాయి. అంటే వాళ్ల కడియం వదులుగా ఊగేది. మేం మాత్రం పిన్ను రెండు కొసలూ సుత్తితో సాగగొట్టి కదలకుండా బిగిస్తాం. బిగువుగా ఉన్నదే నాణ్యం అని ఈ పనిలో అందరి లెక్క. ఆ లెక్క తోలుకు నప్పుతుందేమో గానీ, వేళ్లకు నప్పదు.

ఆయన బెల్టుకు పిన్ను వదులుగా పెట్టాను. కడియం తలుపు రెక్కలా ముందుకు వాలింది. నాలుక అడుగు అద్దంలా నునుపు చేశాను. తోలు కొసను వెనక నుంచి చెక్కి పల్చగా చేసి, తేనెమైనం రుద్దాను. ఇప్పుడు నాలుగు వేళ్లతో కొసను కొంచెం బయటికి లాగితే బొటనవేలు నాలుక కిందికి వెళుతుంది. నాలుక లేస్తుంది. ఆ తర్వాత ప్లేట్ల బరువే బెల్టును లాగేస్తుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి రెండు బకిళ్లు పాడయ్యాయి.

కట్టి చూడటానికి ప్రభాకర్ గారు వచ్చినప్పుడు సునంద టీచర్ కూడా వెంట వచ్చింది. ఆయన మళ్లీ వేషానికి ఒప్పుకున్నాడని సంతోషంగానే ఉంది కానీ, బెల్టు తీయడం మాత్రం ఆవిడకు నచ్చలేదు.

"వాక్యంల లేనిది మనం కలపొద్దు. బెల్టు తీసిండని ఎక్కడ రాసి ఉన్నది? రేపు చర్చిల పెద్దలు నన్నే అడుగుతరు."

"రాసి లేదు వదినా."

"మరెందుకు?"

ఆయన నా వైపు చూశాడు. నేను కొలిమి దగ్గరికి పోబోయాను. "ఉండండమ్మా" అన్నాడు. ఎర్రటి అంగీ మీద, తెల్లగా మెరిసే బెల్టుతో మా షెడ్డు మధ్యలో నిలబడి, వరండాలో నాకు చెప్పినదంతా ఆవిడకు చెప్పాడు. ఈసారి తల దించుకోలేదు. టీచర్ కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ ఉంది. పెట్టుకోవడం మర్చిపోయింది.

"మా చెల్లెను చేసుకుని ఇన్నేండ్లాయె ప్రభాకరూ. ఒక్కనాడు చెప్పలే."

"చెప్పే మాట కాదనుకున్నాను వదినా."

ఆవిడ లేచి బెల్టు దగ్గరికి వచ్చి, ఒక ప్లేటు మీద చెయ్యి పెట్టింది. "సరే. తీసి పెట్టు. పెద్దలతోని నేను మాట్లాడుకుంట. కానీ ఒక మాట. మా చెల్లెకు నేను చెప్పను. నువ్వే చెప్పాలె."

ఆయన సరేనన్నాడు. తర్వాత పని మొదలుపెట్టాం. మొదటిసారి బొటనవేలు జారింది. రెండోసారి నాలుక లేచింది గానీ కొస ఇరుక్కుంది. "పొట్ట లోపలికి పీల్చండి సార్. పట్టీ వదులయితది. అప్పుడు లాగండి," అన్నాను. పీల్చాడు, లాగాడు. బెల్టు జారి నేరుగా అరచేతిలోకి వచ్చింది. సత్తయ్య సుత్తి పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. ఆ రోజు ప్రభాకర్ గారు అలసిపోయేదాకా కట్టాడు, విప్పాడు.

గుడ్ ఫ్రైడే రోజు మేం కూడా మిర్యాలగూడ వెళ్లాం. మిల్లు ఆపేశారు. లారీలన్నీ ఒక పక్క వరసగా నిలబెట్టి వాటికి గుడ్డలు కట్టారు. అదే యెరూషలేము గోడ. ఎండ ఇంకా తగ్గలేదు. హమాలీల కుటుంబాలు, మిల్లు ఆడవాళ్లు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, అన్ని మతాల వాళ్లూ గచ్చు మీద గోనె సంచులు పరుచుకుని కూర్చున్నారు. నా పక్కనే ప్రభాకర్ గారి భార్య కరుణమ్మ కూర్చుంది. ఆయన వేదిక మీదికి రాగానే వెనక నుంచి ఒకామె అంది: "బంగారం లెక్క లేదేందే ఈసారి? వెండిదా?" కరుణమ్మ వెనక్కి తిరిగి, "అప్పుడు గట్లనే ఉండేదంట," అని చెప్పింది. గొంతులో కాస్త గర్వం ఉంది.

ఆయన నడుస్తుంటే ముందు పట్టీలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. నాకు అలవాటైన చప్పుడే అది. కానీ అంతమంది మౌనంగా వింటుంటే నాకే కొత్తగా ఉంది. కొరడా దెబ్బల దృశ్యంలో ఆ చప్పుడు వినబడిన ప్రతిసారీ పిల్లలు తల్లుల వైపు జరిగారు.

శిలువ ఎత్తారు. చాలాసేపటికి ఏసు తల వాల్చాడు. ప్రభాకర్ గారు ఈటె పట్టుకుని శిలువ కిందికి వచ్చాడు. తల ఎత్తి చూశాడు. ఆ మాట అన్నాడు. ఈయన మామూలు మనిషి కాదు, దేవుని కొడుకే అని. పెద్దగా అనలేదు. మైకు ఉంది గాబట్టి మాకు వినబడింది. తర్వాత కుడి చెయ్యి నడుము మీదికి వెళ్లింది.

ఊడలేదు.

 ఎక్కడ పట్టేసిందో నాకు తెలుసు. ఎండలో అంతసేపు నడవడంతో తోలు చెమటకు ఉబ్బింది. మైనం కరిగి కొస కడియానికి అతుక్కుంది. షెడ్డు నీడలో వందసార్లు విప్పి చూశాం గానీ, ఎండలో తడిసిన తోలుతో ఒక్కసారి కూడా చూడలేదు. జనంలో ఎక్కడో చిన్న కదలిక. పోయిన ఏడు సంగతి గుర్తున్నవాళ్లు ఉండే ఉంటారు.

ఆయన కంగారు పడలేదు. చెయ్యి తీయలేదు. అలాగే ఉంచి, నెమ్మదిగా ఊపిరి లోపలికి పీల్చాడు. దూరం నుంచి చూసేవాళ్లకు అది ఏడుపు దిగమింగుకున్నట్టు కనబడింది. నాకు మాత్రం పొట్ట లోపలికి పోవడం, పట్టీ వదులవడం, బొటనవేలు నాలుక కిందికి దూరడం, ఒక్కొక్కటే కనబడ్డాయి. ప్లేట్లు ఒకదాని వెనక ఒకటి జారాయి. బెల్టు చేతిలోకి వచ్చింది.

కింద పడనివ్వలేదు. మోకాలి మీద వంగి, దాన్ని తొడకు ఆనించి ఒక్క చేత్తోనే రెండు మడతలు పెట్టి, శిలువ మొదట్లో పెట్టాడు. లేచి నిలబడ్డాడు. ఆ అంగీ నడుము దగ్గర వదులుగా వేలాడుతుంటే ఇందాకటి అధికారి కాదు, ఎవరో ఒక మామూలు పెద్దమనిషి నిలబడ్డట్టుంది. ఈటె పట్టిన చెయ్యీ, పక్కన వాలిన ఖాళీ చెయ్యీ రెండూ నిమ్మళంగా ఉన్నాయి.

ఎవరూ నవ్వలేదు. లారీల పక్కన నిలబడ్డ హమాలీలు తలపాగాలు తీశారు. మైకు దగ్గర సునంద టీచర్ చదవాల్సిన వాక్యం ఒకటి ఉంది. ఆవిడ చదవలేదు. అది కూడా నాటకమే అనుకున్నారు జనం.

అంతా అయిపోయి గోనె సంచులు దులుపుతున్నప్పుడు నేను బెల్టు తెచ్చుకుందామని వెళ్లాను. తడిసిన తోలును అలాగే మడిచి ఉంచితే పాడవుతుంది. ప్రభాకర్ గారూ కరుణమ్మా మిల్లు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఆయన ఏదో చెబుతున్నాడు. ఆవిడ వింటోంది. బెల్టు ఆవిడ ఒళ్లో ఉంది. ఒక వేలితో బకిల్ నాలుకను లేపుతోంది, వదులుతోంది. నేను దగ్గరికి వెళ్లలేదు. సునంద టీచర్ నన్ను చూసి, "ఉండనీ అమ్మా, ఇయ్యాల్టికి," అంది.

తర్వాతి వారం ఆయనే బెల్టు తెచ్చాడు. ఆరబెట్టి, కొసను ఇంకొంచెం సన్నగా చెక్కి, మైనం బదులు నూనె పెట్టాను. పని చేస్తుంటే పక్కన కూర్చుని, "మా ఇంటావిడ ఏమందో తెలుసా అమ్మా?" అన్నాడు. "మామ చనిపోయినప్పుడు డ్యూటీకి ఆలస్యంగ పోయినందుకు గూడ ఎవరన్నా సిగ్గుపడతరా, అంది. అంతే. ఇంకేం అనలేదు." చెప్పి హాయిగా నవ్వాడు. అప్పటి నుంచి ప్రతి ఏడూ ఆ నాటకంలో శతాధిపతి బెల్టు తీసి పెడతాడు. పెద్దలెవరూ కాదనలేదు.

ఆ బెల్టు తర్వాత మిగతా బకిళ్లకు కూడా పిన్ను వదులుగానే పెట్టడం మొదలుపెట్టాను. ఆ ఏడు వేసవిలో హెలెన్ రాసింది, మీ బకిళ్లు ఈమధ్య ఊగుతున్నాయేమిటి అని. ఫిర్యాదు అనుకుని ఉన్నదంతా రాశాను. ఇక ముందు అలాగే చేయమని జవాబు వచ్చింది.

నాకు ఈ పనిలో చాలా సంగతులు పుస్తకాల బొమ్మల నుంచి తెలిశాయి. ఇది మాత్రం ఒక మనిషి నడుము నుంచి తెలిసింది. బకిల్ పని పట్టి ఉంచడమేనని ఈ రంగంలో అందరం అనుకుంటాం, గట్టిగా పట్టినదాన్నే మెచ్చుకుంటాం. కానీ బెల్టు కట్టుకున్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు దాన్ని విప్పుతాడు. ఆ క్షణంలో అతని చేతికి అడ్డుపడకుండా ఉండటం కూడా దాని పనే. ఇప్పుడు కొత్త ఆర్డరు వస్తే నడుము కొలత తర్వాత నేనడిగే రెండో ప్రశ్న, దీన్ని మీరెప్పుడు, ఎలా విప్పుతారు అని. కొందరికి అది వింతగా ఉంటుంది. జవాబు చెప్పేదాకా మాత్రం కొలిమి అంటించను.